గిలక కాదు, చెయ్యే ఆపాలి

వచ్చే క్లైంబింగ్ శిబిరానికి డబ్బు పోగేసి ఒక "ఆటో లాక్" పరికరం కొందామని మన క్లాసులో మాట నడుస్తోంది. "అదుంటే భయం లేదు, దానంతటదే ఆపేస్తుంది" అంటున్నారు. కొనాలనే నేనూ అంటాను. ఆ రెండో మాటే నాకు నచ్చలేదు. పోయిన శిబిరంలో ఆ మాట నమ్మి ఒక అమ్మాయిని పడేసింది నేనే.

శిబిరానికి రానివాళ్ల కోసం ముందు కొంచెం చెప్తాను. బండ ఎక్కే అమ్మాయి నడుముకి కట్టిన తాడు పైదాకా వెళ్లి, అక్కడి కొక్కెంలోంచి దిగి, కింద నిలబడ్డ అమ్మాయి నడుము దగ్గరున్న పరికరంలోంచి బయటికి వస్తుంది. కింద నిలబడి తాడు చూసుకునే పనిని బిలే అంటారు. బయటికి వచ్చిన తాడుని పట్టుకునేది బ్రేకు చెయ్యి. పాత గొట్టం రకంలో ఆ చెయ్యి వదిలితే తాడు జారిపోతుంది. 1991లో పెట్జల్ అనే ఫ్రాన్స్ కంపెనీ గ్రిగ్రి అనే పరికరం తెచ్చింది. అందులో ఒక కదిలే ముక్క ఉంటుంది. తాడు ఒక్కసారిగా లాగితే అది తిరిగి తాడుని నొక్కిపెడుతుంది. కారు సీటు బెల్టు చటుక్కున లాగితే బిగుసుకుంటుంది చూడండి, అలాగే. కదిలే ముక్క లేని రకాలు కూడా ఉన్నాయి. వాటిలో తాడు పరికరానికీ కారబైనర్‌కీ మధ్య నలిగి ఆగుతుంది.

ఆ రోజు నా చేతిలో ఉన్నది కదిలే ముక్క ఉన్నదే. పైనున్న అమ్మాయి వేరే అంచు మీద కాలు పెట్టడానికి "కొంచెం లూజ్" అంది. తాడు గబగబా వదలడానికి ఆ ముక్కని బొటనవేలితో నొక్కి పట్టాను. రెండో చేత్తో, అంటే బ్రేకు చేత్తో, కంట్లోకి కారుతున్న చెమట తుడుచుకున్నాను. సరిగ్గా అప్పుడే ఆమె కాలు జారింది. భయపడితే చెయ్యి వదిలేస్తుందని మనం అనుకుంటాం. నా చెయ్యి వదల్లేదు, ఇంకా గట్టిగా బిగిసింది. కానీ అది పట్టుకున్నది తాడుని కాదు, పరికరాన్ని. ముక్క నా వేలి కింద తిరగలేకపోయింది, తాడు పారింది. నా వెనకాల అదే తాడు పట్టుకుని నిలబడ్డ సీనియర్ అక్క ఆపింది కాబట్టి ఆమె మనిషి ఎత్తు పడి, మోకాలు గీరుకుని బతికిపోయింది. పరికరంలో ఏ లోపమూ లేదు.

కోవిల్‌పట్టిలో ఇంటికెళ్లి అవ్వకి చెప్పాను. మా నల్లరేగడిలో బావులు లోతు. అవ్వ చిన్నప్పుడు గిలక మీద చేంతాడు వేసి నీళ్లు తోడేది. అంతా విని ఒకటే అంది: "గిలక తిరుగుతాది పాపా, ఆపదు. చేంతాడు ఇడిసిపెట్టి గిలకని అంటే ఎట్లా?"

నేను చెప్పాలనుకున్నదీ అదే. అది "ఆటో" కాదు, తోడు మాత్రమే. కింద ఉన్న అమ్మాయికి రాయి తగిలినా, కళ్లు తిరిగినా చాలాసార్లు తాడుని ఆపేది ఆ తోడే. అందుకే కొనాలి. కానీ తాడు మరీ సన్నగా ఉన్నా, తడిసినా, బరువు మెల్లగా పడినా అది బిగుసుకోకపోవచ్చు. తయారుచేసినవాళ్లే బ్రేకు చెయ్యి ఎప్పుడూ తాడు మీదే ఉండాలని చెప్తారు.

కొనేటప్పుడు రంగు, రేటు కంటే ముందు చూడాల్సింది మన తాడు మందం. ఇప్పటి గ్రిగ్రి 8.5 నుంచి 11 మిల్లీమీటర్ల తాడుకి. ఆ అంకె పరికరం మీదే ఉంటుంది. తోడుబ్రేకు రకాలకి ఈఎన్ 15151-1 అనే ప్రమాణం ఉంది, ఆ గుర్తు చూడాలి. దించేటప్పుడు కంగారులో పిడిని మరీ లాగితే తాడు ఆగిపోయే రకం కూడా ఉంది. కొత్తవాళ్లకి అది మేలు. ఎవరో వాడి అమ్మేది వద్దు, దాని చరిత్ర మనకి తెలీదు. విరుదునగర్ బజారులో మూటలు కట్టే నైలాన్ తాడు చవకే కదా అని ఒకరు అన్నారు. అది మూటని మోస్తుంది గానీ, పడే మనిషిని సాగి మెత్తగా ఆపదు. క్లైంబింగ్ తాడే కావాలి.

ఎక్కే ముందు ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవాలి: ముడి, నడుము బెల్టు, కారబైనర్ తాళం, పరికరం మీద చెక్కిన బొమ్మ ప్రకారం తాడు వేశామా లేదా. ఆఖరున తాడు కొసకి ఒక ముడి. తర్వాత ఒకసారి తాడుని గట్టిగా గుంజి, బిగుసుకుందో లేదో చూడాలి.

ఇంకో సంగతి మన డిపార్ట్‌మెంట్‌కి సంబంధించింది. ఆ రోజు పైనున్న అమ్మాయి అరిచింది "పిడి, పిడి" అని. తమిళంలో అంటే పట్టుకో. తెలుగులో పిడి అంటే? ఆ పరికరానికున్న పిడిని లాగితే తాడు జారుతుంది! నాకు ఇంట్లో రెండు భాషలూ ఉన్నాయి కాబట్టి అర్థమైంది. తమిళం రాని హాస్టల్ అమ్మాయి నా చోట ఉంటే? అందుకే ఎక్కే ముందే నాలుగు మాటలు ఖాయం చేసుకోవాలి. "ఆటో లాక్" అనే పేరు కూడా మానేసి "తోడుబ్రేకు" అందాం. పేరు తప్పయితే చెయ్యి బద్ధకిస్తుంది, నాకు జరిగింది అదే.

ఇది చదివి "అందుకే ఆడపిల్లలకి బండలెందుకు" అనేవాళ్లు ఉంటారు, మా ఇంట్లోనే ఉన్నారు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు మాలావత్ పూర్ణకి పద్నాలుగేళ్లు నిండలేదు. నిజామాబాద్ జిల్లా పిల్ల, భువనగిరి గుట్ట మీద శిక్షణ తీసుకుంది. నేర్చుకుని ఎక్కింది. మనం కూడా అంతే చెయ్యాలి.

నేను అడిగేది ఇదే. పరికరం కొనండి, నా వాటా నేనిస్తాను. కానీ శిబిరం మొదటి రోజు ఎవరూ బండ ఎక్కొద్దు. నేల మీదే నిలబడి, ముందు గొట్టం రకంతో, తర్వాత తోడుబ్రేకుతో తాడు ఇవ్వడం, లాక్కోవడం, ఆపడం నేర్చుకుందాం. బ్రేకు చెయ్యి ఒక్కసారి కూడా తాడు వదలకుండా చేసి చూపించినవాళ్లకే రెండో రోజు బిలే ఇవ్వాలి. ముందు నన్నే పరీక్షించండి.