సైన్యానికి పట్టుకెళ్ళే లిస్టులో తాతలు దొరుకుతున్నారు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

హిస్టరీ క్లాసులో మా హాస్టల్ వాళ్ళం ఐదుగురికి 'చరిత్రకు ఆధారాలు' మీద సెమినార్ ఇచ్చారు. శాసనాలు, నాణేలు వేరేవాళ్ళు తీసేసుకున్నారు. మేము డెన్మార్క్ సైనిక భర్తీ రిజిస్టర్లు తీసుకున్నాం. మీకూ డెన్మార్క్‌కీ ఏంటి సంబంధం అని నవ్వారు.

అక్కడ 1733 నుంచి ఒక చట్టం ఉండేది. రైతు ఇంట్లో పుట్టిన మగవాడు తను పుట్టిన జమీందారీ వదిలి పోకూడదు. దొరకి చవగ్గా పనివాళ్ళు, రాజుకి సిపాయిలు. ఎవణ్ణి సైన్యానికి పంపాలో దొరే తేల్చేవాడు. 1788లో ఆ కట్టు తెంచారు. మరి మనుషులు ఎక్కడికంటే అక్కడికి పోతే సైన్యానికి ఎలా దొరుకుతారు? అందుకే 1789 నుంచి ప్రభుత్వమే రిజిస్టర్ పెట్టింది. రైతు ఇంట మగబిడ్డ పుడితే చాలు, పేరు ఎక్కేది. 1849 దాకా ఈ భారమంతా రైతు వర్గం మీదే. తర్వాతే అన్ని వర్గాలకీ వర్తించింది.

ఒక్కో వరసలో తండ్రి పేరు, కొడుకు పేరు, పుట్టిన ఊరు, వయసు, ఎత్తు, ఉంటున్న చోటు ఉంటాయి. ఎత్తు కూడా అంగుళాల్లో! మనలో ఎవరికైనా ముత్తాత ఎంత పొడుగో తెలుసా?

అసలు పని నంబర్లది. అప్పట్లో అక్కడ పల్లెల్లో చాలామందికి స్థిరమైన ఇంటిపేరు లేదు. హాన్స్ కొడుకు యెన్స్ అయితే యెన్స్ హాన్సెన్. అలాంటి యెన్స్ హాన్సెన్‌లు ఊరూరా ఉంటారు. పేరు పట్టుకుని వెతికితే దారి తప్పుతాం. అయితే కొన్నేళ్ళకోసారి పెద్ద రిజిస్టర్ మళ్ళీ రాసేటప్పుడు మనిషికి కొత్త నంబరిచ్చి, పక్కనే పాత నంబరూ రాసేవాళ్ళు. ఊరు మారితే ఎక్కడికి పోయాడో కూడా రాసేవాళ్ళు. పాత నంబరు పట్టుకుని ఒక్కో రిజిస్టరూ వెనక్కి తిప్పుకుంటూ పోతే వాడు పుట్టిన ఊరికి చేరతాం. అక్కడి చర్చి పుస్తకంలో తల్లి పేరు దొరుకుతుంది. మనోళ్ళు ఇటుక బట్టీలకి పోయినట్టు ఊళ్ళు మారే పాలేర్లని కూడా ఇలా పట్టుకోవచ్చు. సముద్రం మీద పనిచేసేవాళ్ళకి వేరే రిజిస్టర్ ఉంది, ఇందులో లేడని చనిపోయాడనుకోకూడదు.

ఈ పేజీలు డెన్మార్క్ జాతీయ ఆర్కైవ్స్ వాళ్ళు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. హాస్టల్ వరండాలో ఫోన్‌లో చూశాం. అది పాత గోతిక్ చేతిరాత, ఒక్కో పేరు కూడబలుక్కోవడానికే రాత్రి గడిచిపోయింది.

పేదోణ్ణి పట్టుకుపోవడానికి రాసిన కాగితాన్ని పొగుడుతున్నారా అని మీలో కొందరు అడుగుతారు. పొగడటం లేదు. వాళ్ళ పేర్లు ప్రేమతో రాయలేదు, అవసరం కొద్దీ రాశారు. అక్కచెల్లెళ్ళ పేర్లు అసలు లేవు, ఎందుకంటే సైన్యానికి వాళ్ళతో పనిలేదు. అయినా ఆ కాగితం ఈరోజు మనవలకి పనికొస్తోంది. రాసినవాడి ఉద్దేశం చెడ్డదని కాగితాన్ని వదిలేయకూడదనేది మా మాట.

మనకీ అలాంటివి ఉన్నాయి. 1911 నేరస్థ జాతుల చట్టం కింద మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకల వాళ్ళ పేర్లు రిజిస్టర్లలో ఎక్కించారు, వేలిముద్రలు తీసుకున్నారు. ఆ చట్టాలు 1952లో రద్దయ్యాయి. ఆ రిజిస్టర్లు ఎక్కడున్నా వాళ్ళ కుటుంబాలకి చూపించాలి. ఒక తేడా మాత్రం ఉంది. డెన్మార్క్ కాగితం యెన్స్ ఎత్తు చెప్తుంది, మన కాగితం తాతని దొంగ అంటుంది. అందుకని లోకమంతటికీ పెట్టాలా వద్దా అన్నది ఆ కుటుంబాలే తేల్చాలి, ఆఫీసర్లు కాదు.

ఇదంతా మాకెందుకంటే, మాలో ఒకడు సర్టిఫికెట్ కోసం మూడుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగాడు. "మీ తాత పేరు మీద కాగితం ఏదీ?" అన్నారు. తాత చేసింది పోడు, పట్టా లేదు, బడి ముఖం చూడలేదు. వాడి నాయనమ్మకి మాత్రం ఐదు తరాల పేర్లు నోటికొచ్చు. ఏ కొండ మీంచి ఏ ఊరికి దిగారో కూడా చెప్తుంది. అది కాగితం కాదన్నారు.

సంక్రాంతి సెలవులకి వాడితో పాటు మేమూ ఆ ఊరు పోతున్నాం. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొన్నాం. గీతలు కొట్టి గడులు వేశాం. అక్కచెల్లెళ్ళకి కూడా ఒక గడి పెట్టాం.