గ్లాసు ఎవరి చేతికిచ్చారు?

'పరిశోధనలో తేలింది' అన్న వార్త కనబడితే ముందుగా మనం చూసేది అంకె. వంద మంది మీద చేశారంటే పెదవి విరుస్తాం. ఇరవై వేల మంది అంటే ఇక నోరెత్తం.

సరిగ్గా ఇరవై వేల మందితో చేసిన ప్రయోగమే ఒకటి బోల్తా పడింది. బడిపిల్లలకు పాలు పోస్తే ఎదుగుదల ఎంత పెరుగుతుందో తేల్చాలని 1930లో స్కాట్లండ్‌లోని లానార్క్‌షైర్‌లో 67 బళ్లలో మొదలుపెట్టారు. ఐదు వేల మందికి రోజూ ముప్పావు పింటు పచ్చిపాలు, ఇంకో ఐదు వేల మందికి పాశ్చరైజ్ చేసినవి. తక్కిన పది వేల మందికి ఏమీ లేవు, పోల్చడానికి ఉంచారు. ఫిబ్రవరిలో, మళ్లీ జూన్‌లో ఎత్తూ బరువూ చూశారు.

పాలు ఎవరికన్నది చీటీలు వేసో, అక్షరక్రమంలోనో తేల్చమన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. ఒక జట్టులో బక్కపిల్లలో బొద్దుపిల్లలో మరీ ఎక్కువైతే మార్చుకోండని మేష్టార్లకు వెసులుబాటిచ్చారు. డొక్కలెండిన పిల్లాడు ఎదురుగా నిలబడితే ఏ మేష్టారికి చెయ్యాగుతుంది? తీరా చూస్తే, పాలు అందని జట్టు మొదటిరోజే ఎత్తులోనూ బరువులోనూ ముందుంది.

దీన్ని 1931లో ఎండగట్టినవాడు గాసెట్. డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి, 'స్టూడెంట్' అనే కలం పేరుతో రాసేవాడు. ఇంకో మెలిక కూడా పట్టాడు. పిల్లల్ని బట్టలతోనే తూచారు. ఉన్నవాళ్ల పిల్లలు చలికాలంలో దళసరి బట్టలతో, జూన్‌లో పల్చటివాటితో తక్కెడ ఎక్కి ఉంటారు. లేనివాళ్ల పిల్లలకు విప్పడానికి అన్ని బట్టలేవి? పైగా ఏ ఒక్క బడిలోనూ రెండు రకాల పాలూ ఇవ్వలేదు. తేడా కనబడినా అది పాలదో, బడిదో చెప్పలేం. అచ్చు ఒకేలా ఉండే కవలలు యాభై జతలుంటే చాలు, నూటికి ఒకటి రెండు వంతుల ఖర్చుతో ఇంతకన్నా నమ్మదగిన జవాబొస్తుందని లెక్కగట్టాడు.

పాలు మంచివి కావని ఆయన అనలేదు. ఆ ప్రయోగంలో మోసమూ లేదు, జాలి ఉంది. జాలికి కళ్లుంటాయి, చీటీకి ఉండవు. ప్రయోగానికి కావలసింది ఆ గుడ్డితనమే.

లానార్క్‌షైర్‌లో గ్లాసు పేదపిల్లల వైపు నడిచింది. మన అంగట్లో ఎత్తు పెంచే పొడి డబ్బా ఉన్నవాళ్ల ఇంటికే నడుస్తుంది. 'మా పొడి తాగే పిల్లలు పొడుగయ్యారు' అన్న ప్రకటన ఈసారి కనబడితే, ఆ డబ్బా కొనగలిగిన వంటింట్లో ఇంకేమేం ఉన్నాయో కూడా అడగండి.

– పామరుడు