ఉత్త మాటే కదా అనుకోకండి

ఈ వారం ఒడియాల సంగతులు రాద్దామని కూర్చున్నాను. కానీ మా పక్కవాటా అమ్మాయి విషయం మీతో చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఒడియాలు వచ్చే వారానికి ఆగుతాయి లెండి.

మన ఇళ్ళల్లో పొద్దున లేస్తే బెదిరింపులే కదండీ! "అన్నం తినకపోతే బూచాడికి పట్టిస్తా", "మార్కులు తగ్గితే కాళ్ళు విరగ్గొడతా" అంటూనే ఉంటాం. మా అత్తగారైతే పాలు పొంగినప్పుడల్లా పనిమనిషిని "చంపేస్తానే నిన్ను" అనేవారు. అది నవ్వుకుంటూ గిన్నెలు తోముకునేది. ఇవన్నీ నేరాలైతే మనందరం జైల్లో ఉండాల్సినవాళ్ళమే. మరి మాట ఎక్కడ నేరమవుతుంది? నాకూ మొన్నటిదాకా తెలియదు. తెలియక ఓ ఆడపిల్లకి తప్పు సలహా ఇచ్చాను.

ఆమె పేరెందుకు లెండి. భర్త పోయి మూడేళ్ళయింది. జాకెట్లు కుట్టుకుంటూ ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటోంది. మా వీధిలోనే ఒకాయన దగ్గర నెలకి రెండు వేల చొప్పున ఇరవై నెలలు చీటీ కట్టింది. చీటీ అయిపోయింది గానీ డబ్బు చేతికి రాలేదు. పెద్దవాడి కాలేజీ ఫీజుకని దాచుకున్న నలభై వేలు! నాలుగుసార్లు తిరిగింది. ఐదోసారి ఆయన గుమ్మంలోనే నిలబెట్టి, "ఇంకోసారి డబ్బని నా గడప తొక్కావంటే, రాత్రిళ్ళు నీ ఇంటికి ఎవరెవరొస్తారో వీధంతా చెప్తాను" అన్నాడట.

ఆ సాయంత్రం నా దగ్గరికొచ్చి, "వదినా, నన్నేం చేయమంటావు?" అని ఏడ్చింది. నేనేమన్నానో తెలుసా? "డబ్బు పోతే సంపాదించుకుంటావు, పరువు పోతే తిరిగొస్తుందా? ఊరుకోమ్మా" అన్నాను. ఊరుకుంది. చీకటి పడ్డాక జాకెట్ల కోసం వచ్చిన ఆడవాళ్ళకి కూడా తలుపు తీయడం మానేసింది. కొడుకు ఫీజుకి చెవి దుద్దులు అమ్మేసింది. ఆ బోసి చెవులు చూసినప్పుడల్లా నా మనసు కలుక్కుమనేది.

మావారి స్నేహితుడొకాయన వకీలు. ఓ ఆదివారం భోజనానికొస్తే పప్పు వడ్డిస్తూ ఈ సంగతి కదిపాను. ఆయన చెయ్యి ఆపి, "చెల్లెమ్మా, అతను చేసింది నేరం" అన్నారు. "కొట్టలేదు కదండీ, ఉత్త మాటే కదా" అన్నాను. అప్పుడు విడమరిచి చెప్పారు. నాకు అర్థమైనంత మీకూ చెప్తాను.

2024 జూలై 1 నుంచి పాత ఐ.పి.సి. స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 351వ సెక్షన్ బెదిరింపుల గురించే. ఇదివరకు 503, 506, 507 అని విడివిడిగా ఉన్నవాటిని ఒకచోట చేర్చారు. దాని ప్రకారం రెండు సంగతులు చూడాలి.

మొదటిది, దేనికి హాని చేస్తానన్నాడు? మన ఒంటికి గానీ, పేరుకి గానీ, ఆస్తికి గానీ, ఏదైనా సరే. మనకి కావలసినవాళ్ళ ఒంటికీ, పేరుకీ అన్నా అంతే. "నీ కొడుకు కాలేజీ నుంచి ఇంటికెలా వస్తాడో చూస్తా" అంటే అది తల్లిని బెదిరించడమే. నోటితోనే అననక్కర్లేదు, ఫోనులో చెప్పినా, ఉత్తరం రాసినా, కత్తి చూపించినా ఒకటే.

రెండోది, ఎందుకన్నాడు? మనల్ని హడలగొట్టడానికా? మనం చేయనక్కర్లేని పని చేయించడానికా? మనకి హక్కున్న పని మాన్పించడానికా? వీటిలో ఏ ఒక్కటైనా నేరమే. చట్టంలోనే ఓ ఉదాహరణ ఉందట. దావా వేసినవాడు దాన్ని నడపకుండా మానుకోవాలని "నీ ఇల్లు తగలబెడతా" అని బెదిరిస్తే చాలు, నేరం జరిగినట్టే. నిజంగా అగ్గిపుల్ల గీసేదాకా ఆగనక్కర్లేదు.

మా అత్తగారి "చంపేస్తా"లో ఈ రెండో సంగతి లేదు చూశారా? అందుకే అది నేరం కాదు. బెంగుళూరులో ట్రాఫిక్ పోలీసుల తీరు బాగాలేదని ఫేస్‌బుక్‌లో రాసిన దంపతుల మీద కేసు పెడితే, 2015లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. భయపెట్టే ఉద్దేశం లేకుండా ఉత్తినే అన్న మాటలు ఈ నేరం కిందికి రావని చెప్పింది. అలాగే "నా డబ్బివ్వకపోతే కోర్టుకెక్కుతా" అని మీరంటే దానికి భయపడక్కర్లేదు. కోర్టుకి వెళ్ళడం చట్టం ఇచ్చిన దారే కదా.

ఇక శిక్ష. మామూలు బెదిరింపుకి రెండేళ్ళదాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చంపుతాననీ, తీవ్రంగా గాయపరుస్తాననీ, ఆస్తి తగలబెడతాననీ బెదిరిస్తే ఏడేళ్ళదాకా జైలు. పేరు చెప్పకుండా ఆకాశరామన్న ఉత్తరాలతో బెదిరిస్తే, దానికి పైన ఇంకో రెండేళ్ళదాకా. భయపెట్టి డబ్బో నగలో లాక్కుంటే అది 308వ సెక్షన్, ఏడేళ్ళదాకా.

ఆయన ఆ తర్వాత చెప్పింది విని నేను గరిటె కింద పెట్టేశాను. స్త్రీ శీలం మీద నింద వేస్తానని బెదిరించినా ఏడేళ్ళదాకా శిక్షేనట! చంపుతానన్న మాటనీ, ఈ మాటనీ చట్టం ఒకే గాటన కట్టింది. 1860 నాటి పాత చట్టంలో కూడా ఇది ఉందట. అన్నేళ్ళుగా ఉన్న సంగతి తెలియక, నేను ఆ పిల్లని ఊరుకోమన్నాను.

మర్నాడే ఆమెని కూర్చోబెట్టి ఫిర్యాదు రాయించాం. "అసభ్యంగా మాట్లాడి బెదిరించాడు" అని రాసింది. వకీలుగారు అది చాలదన్నారు. అన్న మాటలు అన్నట్టే రాయాలి, అవి డబ్బు అడగకుండా చేయడానికే అన్నాడని కూడా రాయాలి అన్నారు. ఆ మాటలు రాయడానికి పాపం దానికి చెయ్యి రాలేదు. చివరికి నేను రాశాను, కింద సంతకం పెట్టింది. స్టేషనుకి ఇద్దరం కలిసే వెళ్ళాం.

మీకు పనికొస్తాయని కొన్ని సంగతులు రాస్తున్నాను:

* బెదిరించిన రోజే తేదీ, వేళ, చోటు, అన్న మాటలు, విన్నవాళ్ళ పేర్లు ఓ కాగితం మీద రాసిపెట్టుకోండి.
* ఫోనులో వచ్చిన మెసేజీలు అసహ్యం వేసి చెరిపేయకండి. అవే సాక్ష్యం.
* ఎఫ్.ఐ.ఆర్. కడితే దాని కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. కొన్ని బెదిరింపు కేసుల్లో దర్యాప్తుకి మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలసి రావచ్చు. అప్పుడైనా మీరు చెప్పింది స్టేషనులో రాసుకోవాలి.
* ఇప్పుడే ప్రమాదమనిపిస్తే 112కి ఫోను చేయండి. ఆడవాళ్ళ సహాయానికి 181 ఉంది. ఫోను ద్వారా డబ్బు కాజేస్తే 1930.
* బెదిరించేది ఇంట్లోవాళ్ళే అయితే 2005 నాటి గృహహింస చట్టం కింద కూడా రక్షణ అడగవచ్చు.

తర్వాత ఏమైందంటారా? స్టేషను నుంచి కబురెళ్ళగానే పెద్దమనిషి "తమాషాకన్నాను" అన్నాడట. చీటీ డబ్బు వసూలు చేయడం పోలీసుల పని కాదు, దానికి వేరే దావా వేయాలని వకీలుగారు ముందే చెప్పారు. నోటీసు వెళ్ళాక పదిహేను వేలు ఇచ్చాడు, మిగతాది ఇంకా రావాలి. వీధిలో నాలుగు రోజులు గుసగుసలు నడిచాయి. అబద్ధమెందుకు, ఆ నాలుగు రోజులూ ఆమెకీ నాకూ కష్టంగానే గడిచాయి. ఐదో రోజు ఎదురింటి మామ్మగారు దీపాలు పెట్టే వేళకి జాకెట్టు గుడ్డ పట్టుకుని వెళ్ళి తలుపు తట్టారు. తలుపు తెరుచుకుంది.

దుద్దులు మాత్రం తిరిగి రాలేదు. నేను మొదటి రోజే సరైన మాట చెప్పి ఉంటే అవి ఆ చెవులకే ఉండేవేమో. అందుకే అంటున్నాను, మీ దగ్గరికి ఎవరైనా ఇలా ఏడుస్తూ వస్తే "ఊరుకోమ్మా" అనేయకండి. "ఏమన్నాడు? ఎందుకన్నాడు?" అని ముందు అడగండి.

వచ్చే వారం ఒడియాలతో కలుద్దాం. ఉంటాను మరి.