కంప్యూటరుకు రెండవ ప్రతి



పెండ్లి రిజిస్టరు రాసే సేవకులకు ఒక అలవాటు ఉన్నది. పెండ్లి జరిగిన వెంటనే రిజిస్టరు పుస్తకములో ఒకసారి, దానికి జతచేసి ఉండే సర్టిఫికెట్టులో మరొకసారి అవే వివరములు రాసి సంతకాలు పెట్టిస్తాము. 1872వ సంవత్సరపు భారత క్రైస్తవ వివాహ చట్టములోని 32వ సెక్షను లైసెన్సు పొందిన సేవకులను ఇలా రెండు ప్రతులు రాయమని చెబుతున్నది. సర్టిఫికెట్టు రిజిస్ట్రారుకు వెళ్తుంది, పుస్తకము సంఘములో ఉంటుంది. ఒకచోట చెదలు పట్టినా, కప్పు కారి తడిసినా, రెండవచోట ఆ దంపతుల పేర్లు నిలుస్తాయి. నూట యాభై ఏండ్ల క్రితము చట్టము రాసినవారికి తోచిన ఈ జాగ్రత్త, బల్లమీదికి కంప్యూటరు వచ్చిన తరువాత మన సంఘాలలో కనబడడము లేదు.

ఈనాడు పల్లెటూరి సంఘాలలో కూడ బాప్తిస్మముల వివరములు, కుటుంబ పట్టీలు, చందాల లెక్కలు, విధవరాండ్ర సహాయ నిధి, మందిర నిర్మాణపు ఖర్చులు అన్నీ ఒక్క పెట్టెలోనే ఉంటున్నాయి. ఆ పెట్టె ఒక ఉదయము తెరుచుకొనకపోతే ఏమవుతుందో ఆలోచించే పెద్దలు తక్కువ. మన ఊళ్లలో కరెంటు వచ్చి పోయే తీరు, వర్షాకాలపు పిడుగులు మనకు తెలియనివి కావు గదా!

“పెన్‌డ్రైవులో కాపీ ఉంది అయ్యగారూ” అని యౌవనస్థులు ధైర్యము చెబుతారు. అసలు కాపీ లేనివారికంటె వారు మేలు. అయితే మా ప్రాంతములోని ఒక సంఘములో ఏమి జరిగినదో వినండి. వారి కంప్యూటరులోని డిస్కు పాడైపోయింది. ఫైళ్లు పెన్‌డ్రైవులో భద్రముగానే ఉన్నాయి. వాటిని పక్క ఊరిలోని ఇంకొక కంప్యూటరులో తెరిచి చూస్తే తెలుగు అక్షరము ఒక్కటి లేదు. ఇంగ్లీషు అక్షరాలు, ఏవేవో గుర్తులు కలిసి పుటలకు పుటలు పిచ్చి రాతవలె కనబడ్డాయి. బాప్తిస్మము పొందినవారి పేర్లన్నీ అక్కడే ఉన్నాయి, కాని చదవగలవారు లేరు. ఆ నెలలో ఒక సహోదరి విదేశములో ఉద్యోగానికి వెళ్లే తన కుమారుని కొరకు బాప్తిస్మపు సర్టిఫికెట్టు అడుగుతూ మూడుసార్లు మందిరము చుట్టూ తిరిగిందని ఆ సంఘ కాపరి చెప్పి ఎంతో బాధపడ్డారు.

అలా జరుగుటకు కారణమిది. మన సంఘాలలోను, చిన్న ప్రెస్సులలోను చాలాకాలముగా తెలుగును అను ఫాంట్లతో, పేజ్‌మేకరులో టైపు చేస్తూ వచ్చాము. అవి యూనికోడ్ పద్ధతి రాకముందు నుండి నడిచివచ్చిన ఫాంట్లు. ఫైలులో ఉండేవి నిజానికి ఇంగ్లీషు అక్షరాల స్థానములే. ఆ ఫాంటు కంప్యూటరులో ఉంటేనే అవి మన కంటికి తెలుగు అక్షరములుగా కనబడతాయి. ఆ ఫాంట్లు, కీబోర్డు అమరిక, పేజ్‌మేకరు, ప్రింటరును నడిపించే డ్రైవరు, ఇవేవీ మనము పెన్‌డ్రైవులో వేసుకొనే ఫైళ్లలో ఉండవు. విండోస్‌తోపాటు అవన్నీ సాధారణముగా సి డ్రైవులో ఉంటాయి. దానినే సిస్టమ్ డ్రైవు అంటారు. ఇల్లు కాలిపోతే బియ్యపు మూట ఒకటి బయటపడి, పొయ్యి, కుండలు పోయినట్టు ఉంటుంది మన పెన్‌డ్రైవు కాపీ. బియ్యము ముఖ్యమే. కాని ఆ పూట అన్నము ఎవరు వండుతారు?

పేజ్‌మేకరు చివరి కూర్పు 7.0, 2001లో వచ్చినది. ఇప్పుడు దుకాణానికి వెళ్లి కొత్తది కొనుక్కొందామంటే దొరికే వస్తువు కాదు. సీడీ ఎక్కడ పెట్టామో, ఇన్‌స్టాల్ చేసిన తమ్ముడు ఏ ఊరికి ఉద్యోగానికి వెళ్లాడో తెలియదు. అందుచేత మన ఫైళ్లకు మాత్రమే గాక సి డ్రైవు మొత్తానికి నకలు తీసుకొనవలసిన అవసరమున్నది. దీనిని సిస్టమ్ ఇమేజ్ అంటారు. విండోస్, ప్రోగ్రాములు, ఫాంట్లు, సెట్టింగులు ఉన్నవి ఉన్నట్టుగా ఒక పెద్ద ఫైలుగా మారి వేరే డిస్కులో కూర్చుంటాయి. పాత డిస్కు చనిపోతే కొత్తది బిగించి, ఆ నకలును దానిలోనికి దించితే, కంప్యూటరు నకలు తీసిన నాటి స్థితిలో మళ్లీ లేస్తుంది.

దీనికి కావలసినది ఒక టెరాబైటు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు. మైకు సెట్టుకు మనము పెట్టే ఖర్చులో అదెంత భాగమో కమిటీవారే లెక్క చూసుకొనగలరు. విండోస్ 10లోను 11లోను కంట్రోల్ ప్యానెల్ లోపల “బ్యాకప్ అండ్ రీస్టోర్ (విండోస్ 7)” అని ఒకటి ఉన్నది. పేరు పాతదైనా పని చేస్తుంది. అందులో సిస్టమ్ ఇమేజ్ తయారుచేసే అవకాశమున్నది. క్లోనెజిల్లా అనే ఉచిత సాఫ్ట్‌వేరు కూడ ఉన్నది. అది పెన్‌డ్రైవునుండి నడుస్తుంది, చూడడానికి కొంచెము బెదరగొట్టేదిగా ఉంటుంది గనుక తెలిసిన యౌవనస్థుని పక్కన కూర్చోబెట్టుకొనడము మంచిది. ఏది వాడినా, కంప్యూటరు లేవని రోజున దానిని నిద్రలేపుటకు ఒక రికవరీ పెన్‌డ్రైవు ముందుగానే చేసి అదే పెట్టెలో ఉంచాలి. 32 జీబీది సరిపోతుంది. నకలు ఉండి దానిని దించే సాధనము లేకపోతే, బావిలో నీళ్లుండి చేద లేనట్టే.

ఎన్నాళ్లకొకసారి అని అడుగుతారు. లెక్కల ఫైళ్లు, రిజిస్టరు ఫైళ్లు వారానికొకసారి, ఆదివారపు కానుకలు ఎక్కించిన తరువాత సోమవారమున తీయాలి. సి డ్రైవు అంత తరచుగా మారదు, కనుక నెలకొకసారి చాలు. మొదటి ఆదివారము ప్రభు సంస్కారము ఇచ్చే సంఘాలలో ముందటి శనివారము బల్ల సిద్ధము చేసే పనితోపాటు దీనిని కూడ కలుపుకొంటే మరిచిపోరు. విండోస్‌ను పెద్దగా మార్చబోయే ముందు కూడ ఒకసారి తీయాలి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసింది గనుక చాలామంది 11కు మారుతున్నారు. మారకముందే నకలు తీసుకొన్నవారు, పాత తెలుగు ప్రోగ్రాము కొత్తదానిలో మొరాయిస్తే వెనుకకు రాగలరు. పాత నకలును చెరిపి దానిమీదనే కొత్తది తీయవద్దు. కనీసము మూడు నెలలవి ఉంచుకొనండి. రోగము ఈ నెల బయటపడినా, అది పోయిన నెలలోనే లోపలికి వచ్చి ఉండవచ్చు.

ఇక నకలు ఎక్కడ ఉండాలి? ఈ మాట దగ్గర పెద్ద పెద్దవారే తొట్రిల్లారు. ప్రార్థన విషయములో మనవారు ఎంతో ఆదర్శముగా చెప్పుకొనే దక్షిణ కొరియాలో, 2025 సెప్టెంబరు 26న డేజియాన్ పట్టణములోని ప్రభుత్వ కంప్యూటర్ల కేంద్రములో లిథియం బ్యాటరీలవలన అగ్నిప్రమాదము జరిగింది. ప్రభుత్వ ఉద్యోగులు తమ పని పత్రాలు దాచుకొనే జి డ్రైవు అనే భాండాగారము అక్కడ కాలిపోయింది. 858 టెరాబైట్ల సమాచారము. అంత పెద్దదానికి బయట నకలు తీయడము కష్టమని తీయలేదు. ధనము, విద్య, సాంకేతిక జ్ఞానము అన్నీ ఉన్న దేశము అది. మన బీరువాలో కంప్యూటరు పక్కనే పెట్టిన హార్డ్‌డిస్కు అగ్నికి, దొంగకు, వరద నీటికి కంప్యూటరుతో సమానమే.

అలాగే ఆ డిస్కును ఎప్పుడూ కంప్యూటరుకు తగిలించి ఉంచకూడదు. 2017 మే నెలలో వానాక్రై అనే వైరసు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు తాళము వేసి, తీయుటకు 300 డాలర్లు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడ దాని బారిన పడ్డాయి. అటువంటి వైరసు తగిలించి ఉన్న డిస్కులోని ఫైళ్లకు కూడ తాళము వేయగలదు. నకలు తీయగానే డిస్కు ఊడదీయాలి. వీలైతే రెండు డిస్కులు పెట్టుకొని, ఒకటి మందిరపు బీరువాలో, రెండవది వేరే వీధిలో ఉన్న కోశాధికారి ఇంటిలో ఉంచి, నెల నెల మార్చుకొనాలి. గూగుల్ డ్రైవులో ఉన్నదిలే అనుకొనేవారు ఒకటి గమనించాలి. ఇక్కడ పొరబాటున చెరిపినది అక్కడ కూడ చెరిగిపోవచ్చు, చెత్తబుట్టలో 30 రోజులుండి తరువాత పూర్తిగా పోతుంది.

యిర్మీయా గ్రంథము 32వ అధ్యాయమును ఈ కోణములో చదివినవారు తక్కువమంది ఉంటారు. బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించి ఉన్న దినములలో, ప్రవక్త అనాతోతులోని పొలమును పదిహేడు తులముల వెండికి కొన్నాడు. క్రయపత్రములు రెండు ఉన్నాయి, ముద్ర వేసినది ఒకటి, తెరిచి ఉన్నది ఒకటి. అవి బహు దినములు నిలుచునట్లు మంటికుండలో దాచుమని బారూకుకు ఆజ్ఞ అయింది. దేవుని వాగ్దానమును నమ్మినవాడే కాగితములను కుండలో పెట్టించాడు. విశ్వాసమున్నచోట జాగ్రత్త ఎందుకని అడిగే పెద్దలతో మేము ఈ అధ్యాయమునే చెబుతూ ఉంటాము. నాలుగు అధ్యాయముల తరువాత యెహోయాకీము రాజు గ్రంథపు చుట్టను చాకుతో కోసి కుంపటిలో వేసినప్పుడు, యిర్మీయా మరల చెప్పగా బారూకు మరల రాశాడు. మన బాప్తిస్మపు రిజిస్టరును మరల చెప్పి రాయించగల పాతకాలపు ఉపదేశులు ఎంతమంది సజీవులై ఉన్నారు?

అన్నిటికంటె ఎక్కువగా నిర్లక్ష్యము చేసేది ఒకటున్నది. తీసిన నకలు పనిచేస్తుందో లేదో ఎవరూ చూడరు. సంవత్సరానికొకసారి, లెక్కల ఆడిట్ జరిగే రోజులలో, ఇంకొక డిస్కును కంప్యూటరుకు బిగించి నకలును దానిలోనికి దించి చూడాలి. ఆ డిస్కు పాతదానికంటె చిన్నది కాకూడదు. అసలు డిస్కును ఊడదీసి పక్కన పెట్టిన తరువాతనే ఈ పని చేయాలి, లేకపోతే దానిమీదనే దించి ఉన్నది పోగొట్టుకొనే ప్రమాదమున్నది. విండోస్ లేచినంత మాత్రాన తృప్తి పడవద్దు. పేజ్‌మేకరు తెరిచి, తెలుగులో ఒక వరుస టైపు చేసి, ప్రింటు తీసి చూడండి. ఆ కాగితము చేతికి వచ్చినప్పుడే నకలు ఉన్నదని కమిటీ పుస్తకములో రాయండి. ఇంకొక మాట, ఈ నకలు అదే కంప్యూటరులో కొత్త డిస్కుకు ఉద్దేశించినది. పూర్తిగా వేరే కంప్యూటరులో లేవవచ్చు, లేవకపోవచ్చు. అందుచేత రిజిస్టర్లను పీడీఎఫ్‌గా కూడ చేసి ఉంచండి. ఫాంట్లు దానిలో ఇమిడి ఉంటే ఎక్కడైనా చదవవచ్చు.

కొత్త కంప్యూటర్లలో బిట్‌లాకర్ అనే తాళము ఒక్కొక్కప్పుడు మనకు తెలియకుండానే వేసి ఉంటుంది. డిస్కునో లోపలి భాగములనో మార్చినప్పుడు అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది ఎవరి ఈమెయిలు ఖాతాలో ఉన్నదో కనుక్కొని కాగితము మీద రాసి పెట్టుకొనాలి. ఈ నకళ్లలో ఆధారు కాపీలు, కుటుంబముల సొంత సంగతులు కూడ ఉంటాయి గనుక డిస్కులున్న పెట్టెకు తాళముండాలి, తాళపుచెవి ఇద్దరి దగ్గరే ఉండాలి.

సేవకులు బదిలీ అయినప్పుడు చార్జి లిస్టులో సంస్కారపు పాత్రలు, కుర్చీలు, హార్మోనియము, మైకు సెట్టు రాసి సంతకాలు చేస్తాము. ఈ సంవత్సరము బదిలీలకు ముందు ఆ లిస్టులో నాలుగు వరుసలు చేర్చవలసినదిగా పాస్టరేటు కమిటీలను కోరుతున్నాము. హార్డ్‌డిస్కులు రెండు, ఏవి ఎవరి ఇంట ఉన్నవి. రికవరీ పెన్‌డ్రైవు ఒకటి. బిట్‌లాకర్ అంకెల కాగితము, సీలు చేసిన కవరులో. చివరిసారి నకలును దించి ప్రింటు తీసి చూసిన తేదీ.