మన నెత్తుటి లెక్క ఎవరు తేల్చాలి?

పురుగుమందు పురుగుతో ఆగదు. కొన్ని మందులు ఒంట్లో హార్మోన్లనే తారుమారు చేస్తాయి. ఎదిగే ఆడపిల్లకీ, కడుపులో బిడ్డకీ చేటు.

ఈ పరీక్ష చెయ్యాలని అమెరికా 1996లోనే చట్టం చేసింది. మన కేంద్రం 2020లో 27 మందులు నిషేధిస్తానంది; కొన్నిటికి హార్మోన్ దోషముందని ముసాయిదాలో తనే రాసింది. కంపెనీలు గోల పెట్టాయి. 2023లో పూర్తిగా నిషేధించింది మూడే!

హైటెక్ సిటీ అద్దాల మేడల్లో అమెరికా కంపెనీల లెక్కలన్నీ తేలుతున్నాయి. గద్వాల విత్తనపత్తి చేలల్లో పూలకు క్రాసింగ్ చేసిన మన ఆడపిల్లల నెత్తుటి లెక్క తేల్చేదెవరు? చోటు లేకనా? అదే హైదరాబాదులో, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. లేనిది సర్కారుకు మనసు!

డబ్బామీద ఎర్రగుర్తు వేసి చేతులు దులుపుకుంటే చెల్లదు. హార్మోన్ పరీక్ష కాని మందు అమ్మొద్దు. కూలీల నెత్తురు సర్కారు ఖర్చుతో పరీక్షించాలి. గ్రామసభలో అడుగుదాం. పలక్కపోతే కలెక్టరాఫీసు ముందు కూచుందాం!