అద్దె గదికో లైసెన్సు

టెలివిజన్ చూడటానికి లైసెన్సు కావాలంటే మన క్లాసులో సగంమంది నవ్వుతారు. తుపాకీకి లైసెన్సు విన్నాం, లారీకి లైసెన్సు విన్నాం గాని, కుర్చీలో కూర్చుని వార్తలు చూసేవాడికి లైసెన్సేమిటని అడుగుతారు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మన లెక్చరర్లు మాత్రం నవ్వరు. ఎందుకంటే మన దేశంలో కూడా 1980ల నడిమి దాకా రేడియోకి, టెలివిజనుకి లైసెన్సు ఉండేది. ఏటా పోస్టాఫీసుకు పోయి రుసుము కట్టి చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. మా తాతగారి పుస్తకం ఇప్పటికీ మా ఇంట్లో పట్టాదారు పాసు పుస్తకాల పక్కన ఉంది. సాయంత్రం పూట వ్యవసాయదారుల కార్యక్రమం వినడానికి మా వాకిట్లో పదిమంది చేరేవారట. లైసెన్సు మాత్రం తాతగారి పేర ఒక్కటే. విన్న చెవుల్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇంగ్లండులో ఆ లైసెన్సు నేటికీ ఉంది. ఈ సంగతి మనకెందుకంటారా? మన కాలేజీ నుంచి డిగ్రీ పట్టా పుచ్చుకుని ఎమ్మెస్సీకి ఆ దేశం వెళ్ళేవాళ్ళు తక్కువేమీ కాదు. వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది ఉండేది నలుగురైదుగురు కలిసి అద్దెకుండే ఇళ్ళలోనే. అక్కడ ఈ లైసెన్సు తిరకాసు సరిగ్గా ఆ ఇళ్ళ దగ్గరే మొదలవుతుంది.

ముందు చరిత్ర రెండు ముక్కల్లో. అక్కడ రేడియో లైసెన్సు 1922లో వచ్చింది, టెలివిజన్ లైసెన్సు 1946లో వచ్చింది. ఒక్క రేడియోకే లైసెన్సు తీసుకునే పద్ధతి 1971లో పోయింది గాని టెలివిజనుది మిగిలిపోయింది. ఆ సొమ్ముతోనే బి.బి.సి. ముఖ్యంగా నడుస్తుంది. 2025 ఏప్రిల్‌లో రుసుమును ఏడాదికి 174 పౌండ్ల 50 పెన్నీలు చేశారు. మన డబ్బులో ఇంచుమించు ఇరవై వేల రూపాయలు.

రుసుము వసూలు చేయడమే అన్యాయమని నేను అనను. ఈ విషయంలో నాతో వాదానికి దిగే మిత్రులున్నారు. ప్రకటనలమ్ముకుని బతికే ఛానళ్ళు సబ్బు కంపెనీ మాట వింటాయి, సర్కారు ఖజానా మీద బతికేవి సర్కారు మాట వింటాయి. చూసేవాడే నేరుగా డబ్బు కడితే, చూసేవాడి మాట కొంతయినా వినక తప్పదు. లైసెన్సు ఎత్తేశాక మన దూరదర్శన్ ఎవరి మాట వింటున్నదో నేను చెప్పనక్కరలేదు. కాబట్టి నా తగాదా రుసుముతో కాదు, దాన్ని లెక్కగట్టే తీరుతో.

లైసెన్సు మనిషికి కాదు, చోటుకి. ఒక చిరునామాలో ఒక కుటుంబం ఉంటే ఒక లైసెన్సు చాలు. ఆ ఇంట్లో పది గదులుండనీ, గదికో టీవీ ఉండనీ, అన్నింటికీ అదే వర్తిస్తుంది. బాగానే ఉంది. ఇప్పుడు అద్దె ఇంటికి రండి. అయిదుగురు కుర్రవాళ్ళు ఒకే కౌలు కాగితం మీద కలిసి సంతకం చేశారనుకోండి, దాన్ని ఉమ్మడి అద్దె ఒప్పందం అంటారు. వాళ్ళందరికీ కలిపి సాధారణంగా ఒక లైసెన్సు చాలు. 2025 నాటి రుసుము లెక్కన తలా 34 పౌండ్ల 90 పెన్నీలు వేసుకుంటే సరిపోయేది. అదే ఇంట్లో, అవే అయిదు గదుల్లో, యజమాని ఒక్కొక్కరి చేత విడివిడిగా కాగితం రాయించుకున్నాడనుకోండి. అప్పుడు ప్రతి గదీ ఒక ప్రత్యేకమైన చోటయిపోతుంది. తన గదిలో చూసే ప్రతివాడూ తన లైసెన్సు తాను తీసుకోవాలి. ఆ 2025 రుసుము లెక్కనే అయిదుగురూ కలిసి కట్టవలసి వచ్చింది 872 పౌండ్ల 50 పెన్నీలు! వంటిల్లు ఒకటే, మెట్లు ఒకటే, మారింది కాగితం ఒక్కటే. టీవీ ఉమ్మడి హాల్లో మాత్రమే పెట్టుకుని అక్కడే చూస్తామంటే విడి కాగితాలున్నా ఒక్క లైసెన్సు చాలునట. కాని ఎక్కువ గదులు అద్దెకివ్వాలన్న ఆశతో హాలుని కూడా పడక గది చేసిన ఇళ్ళలో ఉమ్మడి హాలెక్కడ దొరుకుతుంది?

ఆ కాగితం ఏ తీరున రాయాలో నిర్ణయించేది అద్దెకు దిగేవాడు కాదు, ఇంటి యజమాని. ఒకడు ఖాళీ చేస్తే మిగతావాళ్ళ ఒప్పందం చెడకుండా ఉండాలని, గది గదికీ బేరం వేరుగా మాట్లాడుకోవచ్చునని ఆయన విడి కాగితాలు రాయిస్తాడు. అందులో ఆయన లాభం ఆయనకుంది. లైసెన్సు భారం మాత్రం సంతకం పెట్టినవాడి నెత్తిన పడుతుంది. భూమి కౌలుకు చేసేవాళ్ళ ఇళ్ళలో పుట్టిన వారెవరికైనా ఈ సంగతి విడమర్చి చెప్పనక్కరలేదు. కాగితం రాసేది ఒకరు, దాని ఫలితం అనుభవించేది ఇంకొకరు. (మన ఊళ్ళలో ఇదే తిరకాసు తలకిందులుగా ఉంటుంది. ఒకే కరెంటు మీటరు మీద ఆరుగురం కాపురముంటే యూనిట్లు పెరిగి పై స్లాబులోకి పోతాం. అక్కడ విడదీసి దండుకుంటే ఇక్కడ కలిపి దండుకుంటారు.)

ఇక టీవీ పెట్టెయే లేదు గదా, సెల్‌ఫోనులో చూస్తాం అంటే చెల్లదు. ఏ ఛానలైనా సరే, ఎందులోనైనా సరే, ప్రసారమవుతుండగా చూస్తే లైసెన్సుండాలి. అక్కడి గదిలో కూర్చుని మన తెలుగు వార్తల ఛానల్ని ఇంటర్నెట్టులో ప్రత్యక్షంగా చూసినా అంతే, క్రికెట్ మ్యాచి చూసినా అంతే. 2016 సెప్టెంబరు 1 నుంచి బి.బి.సి. వారి ఐప్లేయరులో పాత కార్యక్రమాలు చూడటానికి కూడా కావాలి. ప్రసారంతో సంబంధం లేకుండా నెట్‌ఫ్లిక్సు వంటి వాటిలో సినిమాలు చూసుకునేవాడికి అక్కరలేదు.

విద్యార్థులకు ఒక మినహాయింపు ఉంది. అది చదివి నేను సైన్సు విద్యార్థినైనందుకు కాసేపు నవ్వుకున్నాను. కాలేజీ తెరిచిన రోజుల్లో గదిలో ఉండే విద్యార్థి, తల్లిదండ్రుల ఇంటికి లైసెన్సుంటే, ఆ లైసెన్సు మీదే ఫోనులోనో ల్యాప్‌టాపులోనో చూడవచ్చు. కాని ఆ యంత్రం లోపలి బ్యాటరీ మీదే నడుస్తుండాలి, చూస్తున్నంతసేపూ ప్లగ్గు పెట్టకూడదు. బ్యాటరీలో నుంచి వచ్చే ఎలక్ట్రానుకు లేని నేరం గోడలో నుంచి వచ్చే ఎలక్ట్రానుకు ఎలా అంటుకుందో ఏ ఫిజిక్సు పుస్తకంలోనూ లేదు! సరే, నవ్వులాట అటుంచండి. ఈ మినహాయింపు ఎవరికి పనికొస్తుంది? తల్లిదండ్రుల ఇల్లు ఆ దేశంలో ఉన్నవాడికే. అమ్మానాన్నలు తెనాలి దగ్గరో సూర్యాపేట దగ్గరో ఉన్నవాడికి ఆ ఇంటి లైసెన్సనే ప్రసక్తే లేదు. విదేశీ విద్యార్థులమని ఎక్కువ ఫీజులు కట్టి చేరినవాళ్ళకే ఈ చిన్న వెసులుబాటు కూడా దక్కకుండా పోయింది.

లైసెన్సు లేకుండా చూడటం అక్కడ నేరం. 2003 నాటి కమ్యూనికేషన్ల చట్టం ప్రకారం వెయ్యి పౌండ్ల దాకా జరిమానా వేయవచ్చు. కరెంటు బిల్లు కట్టకపోతే బాకీదారుడంటారు, దీనికేమో ముద్దాయంటారు. ఇలాంటి కేసుల్లో ఎక్కువ భాగం ఒక్క మేజిస్ట్రేటు, ముద్దాయి కోర్టుకు రాకుండానే కాగితాలు చూసి తేల్చేస్తారు. కబురు ఉత్తరం ద్వారా వస్తుంది. ఆరు నెలలకొకసారి గది మారే కుర్రవాడికి ఆ ఉత్తరం అందుతుందన్న నమ్మకమేమిటి?

మా పెదనాన్నగారబ్బాయి అక్కడ అలాంటి ఇంట్లోనే ఉన్నాడు. విడి కాగితం, విడి గది. చేరిన నెల నుంచే "చట్టబద్ధ నివాసి" అనే పేర ఎర్రక్షరాల ఉత్తరాలు రావడం మొదలుపెట్టాయట. అయిదుగురిలో అది ఎవరికని? ఒకరిది ఒకరు అనుకుని ఎవరూ విప్పలేదు. "ఒరే, తలుపు తట్టితే ఎవరు తీస్తారోనని అందరం గుడ్లప్పగించి చూసుకునేవాళ్ళం" అని ఫోనులో చెప్పాడు. వచ్చిన మనిషికి వారంటు లేకుండా లోపలికి అడుగుపెట్టే హక్కు లేదని వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. తలుపు తీసినవాడే ప్రశ్నలకు జవాబు చెప్పాలి, కాగితం మీద అతని పేరే ఎక్కుతుంది. ఆ దేశంలో 2019లో ఈ నేరం కింద శిక్షపడినవారిలో నూటికి సుమారు 74 మంది ఆడవాళ్ళే. ఆడవాళ్ళు ఎక్కువ టీవీ చూస్తారని కాదు, పగటిపూట ఇంట్లో ఉండి తలుపు తీసేది వాళ్ళు కనుక. అద్దె ఇళ్ళలోనూ రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాడే తలుపు తీస్తాడు.

దీన్ని నేరాల జాబితా నుంచి తీసేయాలా అని అక్కడ ఆలోచించకపోలేదు. 2015లో డేవిడ్ పెర్రీ అనే న్యాయవాది విచారించి ఉన్న పద్ధతే ఉండనిమ్మన్నారు. 2021లో ప్రభుత్వం మళ్ళీ పరిశీలించి అప్పటికి వద్దనుకుంది. నేరం కాదంటే ఎవరూ కట్టరని వారి భయం. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. కాని గదిని విడి చోటుగా లెక్కపెట్టడం మానడానికి ఆ భయం అడ్డు రాదు గదా! ఒక వంటిల్లు, ఒక వీధి తలుపు ఉన్న ఇంటికి ఒక లైసెన్సు అని, దాన్ని ఇంటి యజమాని తీసుకుని అద్దెలో కలుపుకోవాలని రాస్తే సరిపోతుంది. చోటు ఎవరిదో వాడే చోటు తాలూకు లైసెన్సు కట్టాలి. విడి కాగితాల లాభం ఆయనదయినప్పుడు దాని ఖర్చూ ఆయనదే కావాలి.

వెళ్ళబోయే మిత్రులకు ఒక మాట. గది ఫోటో చూసి అడ్వాన్సు పంపకండి. ఒప్పందం ఉమ్మడిదా, విడిదా అడగండి. బిల్లులన్నీ అద్దెలో కలిసే ఉన్నాయంటే, టీవీ లైసెన్సు కూడానా అని పట్టుబట్టి అడిగి రాయించుకోండి. ప్రత్యక్ష ప్రసారాలూ, ఐప్లేయరూ చూడనివారు లైసెన్సు అక్కరలేదని తెలియజేస్తే ఉత్తరాలు కొంతకాలం ఆగుతాయి. మావాడు చివరికి అదే చేశాడు. ఇప్పుడు మ్యాచి అయిపోయాక ముఖ్యాంశాలు మాత్రం చూస్తున్నాడు, ఫలితం ఎవరూ ముందే చెప్పకుండా ఉంటే.

బి.బి.సి. ప్రస్తుత చార్టరు 2027 డిసెంబరు 31తో ముగుస్తుంది. తర్వాతి చార్టరుతో పాటు లైసెన్సు సంగతీ తేలాలి. కామన్‌వెల్తు దేశస్థులమైనందువల్ల అక్కడ చట్టబద్ధంగా నివసించే మనవాళ్ళకు, వయసు వచ్చి ఉంటే, ఆ దేశపు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కుంది. ఈ సంగతి చెప్పినప్పుడు మావాడు నమ్మలేదు. మర్నాడు ఫోను చేసి, పేరు నమోదు చేయించుకున్నాననీ, అక్కడి ఎం.పి.కి ఉత్తరం ఎలా రాయాలో చెప్పమనీ అడిగాడు.