స్పానరు కూడా హస్తభూషణమే

దసరా నవరాత్రులలో ఆయుధపూజ చేయడం మన ఆచారం. మెల్బోర్న్ నగరానికి ఆగ్నేయంగా ఉన్న క్రాన్‌బర్న్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఆనాడు కారుకు పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, కొబ్బరికాయ కొట్టడం మరువలేదు. భక్తిలో లోపం లేదు. కాని పూజ ముగిసిన తరువాత ఆ వాహనపు మూత ఎత్తి, లోపల ఏమున్నదో పిల్లలకు చూపించే తల్లిదండ్రులు మనలో ఎందరు? ఆయుధాన్ని పూజించి, దానిని చేతపట్టే పనిని మాత్రం ఇతరులకు అప్పగించడం మన విద్యావంతుల ఇళ్లలో తరతరాలుగా వస్తున్న అలవాటు. విజ్ఞానశాస్త్రం నేర్వదలచిన పిల్లలకు ఈ అలవాటు తీరని నష్టం కలిగిస్తున్నదని నా అభిప్రాయం. దానిని సమర్థించుకోవడానికి ఒక పాత వ్యానునూ, దాని ఇంజనును చేతితో తిప్పే పద్ధతినీ ఉదాహరణగా తీసుకుంటాను.

ఆ వ్యాను వోక్స్‌వేగన్ కంపెనీ వారిది. 1950లో జర్మనీలో దాని ఉత్పత్తి మొదలైంది. ఆస్ట్రేలియాలో దానిని అందరూ ముద్దుగా 'కోంబి' అంటారు. 1954 నుండి వోక్స్‌వేగన్ వాహనాలను మన పొరుగునే ఉన్న క్లేటన్‌లో కూర్చేవారు. నేడు ఆ క్లేటన్ పేరు చెబితే మనకు మోనాష్ విశ్వవిద్యాలయం గుర్తుకు వస్తుంది గాని, మోటారు కర్మాగారం గుర్తుకు రాదు. బ్రెజిల్‌లో గాలితో చల్లబడే ఇంజనుతో ఈ వ్యాను 2005 వరకు తయారవుతూనే ఉండేది. వేసవి సెలవులలో సౌత్ గిప్స్‌లాండ్ రహదారి మీద, సముద్రతీరాల వైపు సాగిపోయే కోంబీలు ఇప్పటికీ అప్పుడప్పుడు కనబడుతూ ఉంటాయి.

దీని ఇంజను వెనుక భాగంలో ఉంటుంది. నాలుగు సిలిండర్లు, ఒక్కొక్క పక్కన రెండేసి, నేలకు సమాంతరంగా పడుకొని ఉంటాయి. రేడియేటరు లేదు, నీరు లేదు. ఒక ఫ్యాను వీచే గాలి, రెండున్నర లీటర్ల ఆయిలు, ఈ రెండే దాని వేడిని మోసుకుపోవాలి. 2009 ఫిబ్రవరి 7న మెల్బోర్న్‌లో ఉష్ణోగ్రత 46.4 డిగ్రీలకు చేరింది. అటువంటి వేసవులు గల దేశంలో గాలినే నమ్ముకున్న ఇంజనుకు సకాలంలో సంరక్షణ జరగకపోతే అది ఎంతో కాలం బ్రతకదు.

ఆ సంరక్షణలో ప్రధానమైనది వాల్వుల సందును సరిచూడడం. దానికోసమే ఇంజనును చేతితో తిప్పవలసి వస్తుంది. ముందుగా ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి. ఇది ఛాదస్తం కాదు. తాళం తిరిగి ఉంటే, మెల్లగా తిప్పినా సరే, డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు విడివడే క్షణంలో స్పార్కు పుట్టగలదు. తరువాత వెనుక మూత ఎత్తి, 1600 సి.సి. వరకు వచ్చిన ఇంజన్లలోనైతే క్రాంకు పుల్లీ మీది 30 మిల్లీమీటర్ల నట్టుకు గాని, పైనున్న జనరేటరు పుల్లీ మీది 21 మిల్లీమీటర్ల నట్టుకు గాని స్పానరు తగిలించి, గడియారపు ముల్లు తిరిగే దిశలో తిప్పాలి. తరువాత వచ్చిన 1700 నుండి 2000 సి.సి. వరకు గల ఇంజన్లలో ఫ్యానునే క్రాంకు షాఫ్టుకు బిగించారు గనుక ఫ్యానును పట్టుకొని తిప్పవచ్చు.

ఇక్కడే పాఠం మొదలవుతుంది. నాలుగు ఘాతాల ఇంజను గురించి మనమందరం పాఠశాలలో చదువుకున్నాము. పీల్చడం, నొక్కడం, మండి తోయడం, వదలడం అని వరుస తప్పకుండా వ్రాసి మార్కులు తెచ్చుకున్నాము. కాని స్పానరు పట్టుకొని తిప్పేవారికి ఆ వరుస చేతిలోనే తెలుస్తుంది. కొంత దూరం తేలికగా తిరుగుతుంది, ఉన్నట్టుండి బరువెక్కుతుంది, ఆ బరువు దాటగానే మళ్లీ తేలిక. అర చుట్టుకు ఒకసారి చొప్పున, రెండు పూర్తి చుట్లలో నాలుగుసార్లు ఆ బరువు ఎదురవుతుంది. అదే సంపీడనం. నాలుగూ సమానంగా ఉంటే నాలుగు సిలిండర్లూ ఆరోగ్యంగా ఉన్నాయని ఒక అంచనాకు రావచ్చు. ఒకటి మెత్తగా జారిపోతే అక్కడ గాలి ఎటో తప్పించుకుపోతున్నదన్నమాట. వైద్యుడు నాడి పట్టినట్లు ఇంజను నాడి పట్టడం ఇదే.

పుల్లీ అంచున ఒక గుర్తు ఉంటుంది. అది రెండు క్రాంకుకేసు ముక్కలు కలిసే గీతకు ఎదురుగా వచ్చినప్పుడు ఒకటవ సిలిండరులోని పిస్టన్ పైకొసకు చేరుతుంది. అయితే ఆ గుర్తు ప్రతి చుట్టుకూ ఆ గీత దగ్గరకు వస్తుంది. ఒకసారి ఒకటవ సిలిండరు మండడానికి సిద్ధంగా ఉంటుంది; మరొకసారి మూడవ సిలిండరు సిద్ధంగా ఉంటుంది. గుర్తు ఒకటే, అర్థాలు రెండు. ఏది నిజమో తేల్చుకోవాలంటే డిస్ట్రిబ్యూటరు మూత తీసి, లోపలి రోటరు ఏ దిక్కు చూస్తున్నదో గమనించాలి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే రోటరు ఒక్క చుట్టే తిరుగుతుంది. ఒక్క సాక్ష్యంతో తీర్పు చెప్పరాదన్న నియమాన్ని ప్రయోగశాలలో మా వంటివారు ఏళ్ల తరబడి నేర్చుకుంటాము. ఇక్కడ పదేళ్ల పిల్ల ఒక్క పూటలో నేర్చుకుంటుంది.

అటుపై అర చుట్టుకొకటిగా ఒకటి, నాలుగు, మూడు, రెండు వరుసలో సిలిండర్లను సరిచూడాలి. ఈ ఇంజన్లలో సాధారణంగా ఉండవలసిన సందు 0.15 మిల్లీమీటరు. మనం వ్రాసుకొనే కాగితం ఒకటిన్నర వంతు మందమన్నమాట. ఇంత చిన్న సందుకు అంత ప్రాధాన్యం ఎందుకు? వాడకంలో వాల్వు సాగి, దాని పీట అరిగి, సందు క్రమంగా తగ్గిపోతుంది. అది బొత్తిగా లేకుండా పోతే వాల్వు పీట మీద పూర్తిగా కూర్చోదు. మండిన వాయువుల మధ్య మెలిగే ఎగ్జాస్టు వాల్వు తన వేడిలో అధిక భాగాన్ని పీటకు తాకినప్పుడే వదిలించుకుంటుంది. తాకడం మానితే కాలిపోతుంది. ఇందులో ఒక నీతి ఉన్నది. సందు ఎక్కువైతే వాల్వు టకటకలాడి యజమానిని పిలుస్తుంది. సందు తగ్గితే ఇంజను నిశ్శబ్దమై, హాయిగా ఉన్నట్లు తోస్తుంది. చప్పుడు కంటె ఆ నిశ్శబ్దమే ప్రమాదకరం. దానిని చెవి కనిపెట్టలేదు. చేతితో తిప్పి, గేజి దూర్చి చూడవలసిందే.

చల్లని ఇంజనునే కొలవాలనడంలో లోహాల రసాయనం ఉన్నది. ఈ ఇంజనులో క్రాంకుకేసు మెగ్నీషియం మిశ్రలోహం, సిలిండర్లు పోత ఇనుము, హెడ్లు అల్యూమినియం. మీటరు పొడవు గల కడ్డీని నూరు డిగ్రీలు వేడి చేస్తే మెగ్నీషియం సుమారు 2.6 మిల్లీమీటర్లు, అల్యూమినియం 2.3, పోత ఇనుము 1.1 సాగుతాయి. ఈ తేడాలను ఎరిగిన నిర్మాతలు, వాల్వులను నెట్టే కడ్డీలను అల్యూమినియం గొట్టాలతో చేసి కొనలకు మాత్రం ఉక్కు తొడిగారు. పుస్తకంలో వ్యాకోచ గుణకం ఒక అంకె. ఇక్కడ అది ఇంజను ఆయుర్దాయం.

నెలల తరబడి షెడ్డులో నిలిచిపోయిన వాహనం విషయంలో చేతితో తిప్పడం మరింత అవసరం. ఆయిలు కిందికి జారిపోయి, రింగులు సిలిండరు గోడలకు తుప్పుతో అతుక్కొని ఉండవచ్చు. అడ్డు తగిలితే చేయి ఆగుతుంది. స్టార్టరు మోటారుకు ఆ వివేకం లేదు. బలవంతంగా తిప్పి ఏదో ఒకటి విరగ్గొడుతుంది. ఆయిలు గురించి రసాయనవేత్తగా ఒక మాట. క్యాము, ట్యాపెట్లు ఒరుసుకునే చోట వాటిని కాపాడేది జింకు, భాస్వరం, గంధకం కలిసిన ఒక సంకలితం. ఆ ఒరిపిడిలో అది విచ్ఛిత్తి చెంది, లోహం మీద గాజు వంటి ఫాస్ఫేటు పొరగా ఏర్పడుతుంది. భాస్వరం క్యాటలిటిక్ కన్వర్టరును పాడుచేస్తుంది గనుక కొత్త కార్ల ఆయిళ్లలో దానిని తగ్గించారు. కాబట్టి పాత ఇంజనుకు ఖరీదైన ఆయిలు కంటె తగిన ఆయిలు ముఖ్యం.

ఈ విద్య మనకు పరాయిది కాదు. 1912లో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ విద్యుత్ స్టార్టరు అమర్చేవరకు ప్రపంచంలో పెట్రోలు కార్లను తిప్పింది చేతులే. మన ఊళ్లలో ఆ తరువాత కూడా చాలా కాలం అదే రివాజు. కృష్ణా, గోదావరి మండలాలలో గాని, తెలంగాణా బావుల వద్ద గాని, ఆయిలింజను హ్యాండిలు తిప్పిన రైతులు లెక్కకు మిక్కిలి. ముందు డికంప్రెషను మీట ఎత్తి సంపీడనం లేకుండా చేసి, బరువైన ఫ్లైవీలును వేగంగా తిప్పి, సరిగ్గా అదనెరిగి మీట వదిలితే ఇంజను డబడబమని అందుకొనేది. ఉష్ణగతిక శాస్త్రం పేరు వినని ఆ రైతుకు దాని సారం మోచేతిలో ఉండేది. ఆ రైతుల మనుమలమైన మనకు సూత్రాలు వచ్చు, సారం చేజారింది. పైగా చేతికి మసి అంటే పని తక్కువ పని అనే భావం కూడా వెంట తెచ్చుకున్నాము. చదువు తలకు, పని చేతికి అని సమాజాన్ని చీల్చిన పాత గీతను మనం ఈ దేశంలో మన పిల్లల మనసులలో మళ్లీ గీస్తున్నాము. నాకు బాధ కలిగించేది ఇదే.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. నేటి కార్లలో వాల్వులు తమంతట తామే సరిపడతాయి. రేపటి విద్యుత్ కార్లలో వాల్వులే ఉండవు. ఈ విద్య ఎందుకని కొందరు అడుగుతారు. నిజమే. కాని ఎక్కాలు నేర్పేది లెక్కల యంత్రాలు లేక కాదు. కారణానికీ కార్యానికీ మధ్య గల బంధాన్ని ఒక్కసారైనా స్వయంగా తాకి చూసిన పిల్లలు తెర మీది బొమ్మను చూసే తీరే వేరు. పన్నెండవ తరగతి పరీక్షల ఒత్తిడిలో సమయమెక్కడిదని మరికొందరంటారు. ట్యూషన్లకు పోయే శనివారాలలో నెలకొక్కటి చాలు. మెకానికుల పొట్ట కొట్టమని కూడా నేననడం లేదు. బ్రేకులు, పగుళ్లు వారిన పెట్రోలు గొట్టాలు నిపుణులకు వదలవలసినవే. ఆ నిపుణుని పనిని గౌరవించాలంటే దానిలో కొంతైనా చేసి చూసి ఉండాలి.

కోంబి అందరి ఇళ్లలో ఉండదు. కాని పచ్చిక కోసే యంత్రం దాదాపు అందరి షెడ్డులలో ఉన్నది. పెట్రోలుతో నడిచేదైతే అదీ గాలితో చల్లబడే ఇంజనే. స్పార్కు ప్లగ్గు తీగను ఊడదీసి పక్కకు కట్టివేసి, బ్లేడు జోలికి పోకుండా, తాడును మెల్లగా లాగి చూడమనండి. బరువు తగిలే చోటు పిల్లలే చెబుతారు. ప్లగ్గు కూడా విప్పి మళ్లీ లాగితే ఆ బరువు ఏమైందని వారే ప్రశ్నిస్తారు. ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పకుండా ఓపిక పట్టడమే పెద్దల పని.

మన సంఘాలు ఏటేటా పిల్లలకు పద్యాలు, నాట్యం నేర్పిస్తున్నాయి. సంతోషం. వచ్చే వసంతంలో, అనగా ఇక్కడి అక్టోబరులో, తెలుగు బడి పక్కన ఒక బల్ల వేసి, ఒక పాత ఇంజను, నాలుగు స్పానర్లు, ఒక ఫీలరు గేజి ఉంచాలని నా మనవి. ఆడపిల్లలను ముందు వరుసలో నిలబెట్టాలి. సంఘంలో ఆయిలింజను తిప్పిన తాతగారెవరైనా ఉంటే మొదటి పాఠం వారి చేత చెప్పించాలి. పుస్తకం హస్తభూషణమన్నారు మన పెద్దలు. ఆ హస్తానికి స్పానరు కూడా భూషణమేనని మన పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మనది.